కాంటా ఎక్కించాకే గాలి

(హనుమకొండలో ట్రాక్టర్, ట్రైలర్ యజమానుల ఆదివారం సమావేశంలో, బస్సు డిపో టైర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. మేడారం జాతరకు ముందు, జనవరి నెల.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బయట గోడ పక్కన ఒక ట్రాలీ ఆపించాను, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. పొద్దున ఏడింటికే తెప్పించి, దాన్ని ఎవరూ కదిలించొద్దు, టైర్లు ముట్టొద్దు అని చెప్పాను. ఇందాక ఒక తమ్ముడు గాలి చూసే గేజు పట్టుకుని హుషారుగా పోతుంటే వెనక్కి పిలిచాను. కోపం తెచ్చుకోకు తమ్ముడూ, దానికో లెక్క ఉంది. చివర్లో అందరం బయటికి పోయి చూద్దాం.

నేను ముప్పై మూడేళ్లు డిపోలో టైర్ల దగ్గర పనిచేశాను. బస్సు బాగా నడిస్తే డ్రైవర్‌కు పేరు, కలెక్షన్ బాగుంటే కండక్టర్‌కు పేరు, మాకు మాత్రం చేతుల నిండా మసి. (నవ్వులు) రిటైరయ్యాక ఇక టైరు ముఖం చూడొద్దనుకుని, మా అమ్మాయి దగ్గరికి అమెరికా పోయి ఆర్నెల్లు ఉన్నాను. ఈ హాల్లో అమెరికా పోయొచ్చిన అమ్మానాన్నలు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చూశారా, సగం హనుమకొండ అక్కడే ఉంది. సరే, అక్కడ కూడా టైరు నన్ను వదల్లేదు. ఈ రోజు చెప్పబోయేదంతా అక్కడ మొదలైన కథే.

మా అల్లుడు ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు, సెకండ్ హ్యాండ్‌ది. అదేమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. పికప్ బండి వెనక హుక్కుకు తగిలించి లాగే ఇల్లు అది. లోపల పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, బాత్రూమ్, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. ఇంజిన్ మాత్రం ఉండదు. కింద రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. నేను చుట్టూ తిరిగి చూసి, "ఇది మన ట్రాలీయే కదయ్యా, గోడలు కట్టి ఏసీ పెట్టారు" అన్నాను. మా అల్లుడు నవ్వాడు. కానీ నేను నవ్వులాటకు అనలేదు. టైరు దృష్టితో చూస్తే ఆ రెండింటికీ తేడా లేదు. రెండూ సొంతంగా పోలేవు, ఇంకొకరు లాగాలి. రెండూ నెలల తరబడి ఒకచోట పడి ఉండి, ఒక్కరోజు పీకల దాకా బరువు మోస్తాయి. రెండింట్లోనూ డ్రైవర్‌కు వెనక టైరు ఏమైపోతోందో తెలియదు.

2022 జూలైలో డాలస్ నుంచి ఆస్టిన్ వైపు బయల్దేరాం. మన మే నెల ఎండ లాంటి ఎండ. బయల్దేరే ముందు మా అల్లుడు గాలి చూశాడు. సాఫ్ట్‌వేర్ చేసేవాడు గేజు పట్టుకుంటే నాకు ముచ్చటేసింది. "అన్నిట్లో 35 పెట్టాను మామయ్యా" అన్నాడు. కారుకు 35 సరే. ఇంటిని మోసే టైరుకు 35 ఏమిటని గొంతు దాకా వచ్చింది. కానీ అల్లుడి ఇంట్లో మామ నోరు ఎంత లేవాలో అంతే లేస్తుంది. వాళ్ల దేశం, వాళ్ల బండి, పుస్తకం చదివే పెట్టి ఉంటాడులే అని ఊరుకున్నాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను చేసిన తప్పుల కంటే, ఆ రోజు నోరు మూసుకోవడమే పెద్ద తప్పు.

రెండు గంటలు పోయాక టైరు పేలింది. మాకు చప్పుడు కూడా వినపడలేదు. లోపల పాటలు, ఏసీ. పక్కనుంచి పోయే లారీ డ్రైవర్ హారన్ కొట్టి, చెయ్యి కిందికి చూపిస్తే అప్పుడు పక్కకు ఆపాం. దిగి చూస్తే టైరు లేదు, టైరు బిగించే ఇనుప డిస్క్ మీద దారపు పోగులు వేలాడుతున్నాయి. టైరు నుంచి ఊడిన బెల్టు ముక్క ట్రైలర్ అడుగున చరుచుకుని చరుచుకుని నీళ్ల పైపును తెంపేసింది. రోడ్డు పక్కన రెండున్నర గంటలు నిలబడ్డాం. మా మనవరాలు పోయే లారీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, నేను పోయిన టైరు పక్కనే ఉన్న రెండో టైరు ముందు కూర్చున్నాను. దాని బటన్లు, అంటే నేలను తాకే గళ్లు, చూస్తే కొత్త టైరు లెక్కే ఉన్నాయి. చెయ్యి వేసి రుద్దితే మాత్రం పక్కలకు సన్నటి పగుళ్లు. తేదీ చూశాను. 2214 అని ఉంది.

ఈ నాలుగంకెల సంగతి మీలో చాలామందికి తెలుసు, అయినా చెప్తాను. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2014లో 22వ వారం తయారైంది. ఎనిమిదేళ్ల టైరు. కారు టైరు అరిగిపోయి చస్తుంది. ట్రైలర్ టైరు అరగకుండానే, ఎండకు ఎండి, రబ్బరులో జీవం పోయి చస్తుంది. మన ట్రాలీలూ అంతే. పత్తి సీజన్‌లో రెండు నెలలు, వడ్లకు ఒక నెల, మిగతా కాలమంతా పొలం గట్టున ఎండలో. బటన్ ఉంది కదా అని పదేళ్లు నడుపుతాం. ఐదేళ్లు దాటితే ఏటా విప్పి చూపించండి, ఆరేడేళ్లు దాటితే బటన్ మొహం చూడకుండా మార్చండి. ఖర్చే, కాదనను.

ఇప్పుడు ఆ టైరు పేలడానికి వయసు ఒక్కటే కారణమా అంటే కాదు. ఇంటికి వచ్చాక, మళ్లీ అంతే సామానుతో ట్రైలర్‌ను కాంటా ఎక్కించమన్నాను. అక్కడ లారీలు ఆగే పెద్ద బంకుల్లో కాంటాలు ఉంటాయి. ఇరుసుల మీద పడుతున్న బరువు 3,400 కిలోలు వచ్చింది. నాలుగు టైర్లు కాబట్టి తలా 850 అనుకుంటాం కదా? అక్కడే పప్పులో కాలేస్తాం. వంటగది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ ఒకే పక్క. ఆ పక్క చక్రాలను మాత్రం కాంటా మీద పెట్టి చూస్తే 1,900. అంటే ఒక్కో టైరు మీద 950. ఇటు పక్కన 750. పేలింది ఏ పక్క టైరో నేను చెప్పక్కర్లేదు.

టైరు మీద ఏమని రాసుంది? 1,150 కిలోలు మోస్తాను, 65 పౌండ్ల గాలి ఉంటే. చాలామంది ముందు సగం చదివి వదిలేస్తారు. ఆ రెండో సగమే అసలు షరతు. అదే టైరులో 35 పౌండ్లు పెడితే, కంపెనీవాళ్ల పట్టిక ప్రకారం అది మోసేది 800 కిలోలే. 800 మోసేదాని మీద 950 పెట్టి, నలభై డిగ్రీల ఎండలో గంటకు వంద కిలోమీటర్లు లాగాం. రెండు గంటలు ఓర్చుకుంది, దాని మంచితనం.

ఒక చిన్న మాట. నేను పౌండ్లు అన్నప్పుడల్లా గాలి గురించే. గేజు మీద పీఎస్ఐ అని ఉంటుంది, మన షాపుల్లో అందరం పౌండ్లు అనే అంటాం. అమెరికాలో బరువును కూడా పౌండ్లలోనే చెప్తారు, అందుకే మామాఅల్లుళ్లం అరగంట కొట్లాడుకున్నాం. ఇక్కడ బరువంతా కిలోల్లోనే చెప్తాను.

మీరందరూ టైరు బరువు మోస్తుందని అనుకుంటారు. టైరు ఏమీ మోయదు. గాలి లేని టైరు మీద బండి బరువు పెట్టండి, అడుగుకు అంటుకుపోతుంది. మోసేది గాలి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి. 950 కిలోల బరువు, 65 పౌండ్ల గాలి. ఆ టైరు నేలను తాకే చోటు ఎంత ఉంటుందో తెలుసా? ఇంచుమించు ఇంత. (అరచేయి చాచి చూపిస్తూ) వేళ్లతో సహా నా అరచేయంత. నాలుగు అరచేతుల మీద ఇల్లు నడుస్తోంది. అదే 35 పౌండ్లకు దించితే గాలికి బలం తగ్గింది కాబట్టి, అదే బరువును మోయడానికి దానికి దాదాపు రెండింతల చోటు కావాలి. అందుకని టైరు కూలబడి, పక్కలు ఉబ్బి, నేల మీద పరుచుకుంటుంది.

పరుచుకుంటే ఏమైంది, పట్టు ఎక్కువే కదా అని అడుగుతారు. ఇదిగో ఈ బైండింగ్ వైరు ముక్క తీసుకో తమ్ముడూ. అటూ ఇటూ వంచు. ఆపకు, వంచుతూనే ఉండు. ఇప్పుడు వంచిన చోట పెదవికి ఆనించుకో. కాలిందా? (నవ్వులు) ఇరవై సార్లకే. ఆ 15 అంగుళాల టైరు ఒక్క కిలోమీటరుకు సుమారు 440 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. గాలి సరిగ్గా ఉంటే కొంచెం వంగుతుంది, తక్కువుంటే మడత పడుతుంది. వంద కిలోమీటర్లకు 44,000 మడతలు. వేడి లోపల పుడుతుంది, బయటికి పోయే లోపు ఇంకొంత పుడుతుంది. రబ్బరుకూ లోపలి పోగులకూ ఉన్న అతుకు వదిలేస్తుంది. పేలిన టైరు చూసి మేకు గుచ్చుకుందేమో అంటారు. మేకు గుచ్చుకుంటే గాలి పోతుంది, టైరు కూర్చుంటుంది. ఇలా పోగులు పోగులుగా విడిపోయిందంటే వేడికి పోయినట్టే.

జాన్ డన్లప్ అనే పశువుల డాక్టర్ 1888లో తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గించడానికి గాలి టైరు తయారుచేశాడు. పిల్లగాడి సైకిల్‌కు అని మొదలైంది, ఇప్పుడు మనం దాని మీద క్వింటాళ్లకు క్వింటాళ్లు వేస్తున్నాం. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండి కాలంలో మా తాతకు ఈ టెన్షన్ లేదు.

సరే, అందుకే నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను. ముందు కాంటా, తర్వాత టైరు, ఆ తర్వాతే గాలి. మనం తిరగేసి చేస్తాం. ముందు గాలి కొట్టిస్తాం, పేలితే టైరు మారుస్తాం, కాంటా ఊసే ఎత్తం. నిజానికి కాంటా అంటే మనకు తెలియనిదా? ఏనుమాముల మార్కెట్‌లో పత్తికి ఒక్క కిలో తేడా వస్తే కొట్లాటకు పోతాం. మేడారం పోతే మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, అమ్మవార్లకు నిలువెత్తు బంగారం అంటూ మనిషెత్తు బెల్లం తూచి ఇచ్చి వస్తాం. మనిషిని తూస్తాం, పత్తిని తూస్తాం, అవన్నీ మోసే ట్రాలీ టైరు మీద ఎంత పడుతోందో మాత్రం ఎన్నడూ తూచి చూడం.

ఎలా తూయాలంటే, పెద్ద పనేం కాదు. నిండా సామాను వేసుకున్నాకే పోవాలి, ఖాళీ బండిని తూస్తే ఏమీ తెలియదు. కారవాన్, అంటే మా అల్లుడిది లాంటి ఇంటి ట్రైలర్ అయితే నీళ్ల ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండర్ పెట్టి తూయండి. లీటరు నీళ్లంటే కిలో బరువని గుర్తుపెట్టుకోండి, 150 లీటర్ల ట్యాంకు అంటే ఇద్దరు మనుషులు లోపల కూర్చున్నట్టు. హుక్కు విప్పకుండానే, లాగే బండిని కాంటా దాటించి, ట్రైలర్ చక్రాలు మాత్రం కాంటా మీద ఉండేట్టు ఆపండి. అది ఇరుసుల బరువు. తర్వాత కొంచెం పక్కకు తీసి, ఒక వైపు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేట్టు పెట్టి ఇంకోసారి తూయండి. కాంటాబాబు విసుక్కుంటాడు. ఇంకో పదో ఇరవయ్యో ఇవ్వండి. బరువు ఎక్కువ పడే పక్కనున్న లెక్కనే పట్టుకోవాలి, సగటు కాదు. గాలి మాత్రం రెండు పక్కలా ఒకటే పెట్టాలి, ఎక్కువ పక్కకు ఎంత కావాలో అంత.

హుక్కు మీద పడే బరువు గురించి ఒక మాట. మొత్తం ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు హుక్కు మీద ఉండాలి. వెనక బరువెక్కువై, ముందు తేలిపోతే ట్రైలర్ తోక ఆడిస్తుంది. అప్పుడు ఎంత మంచి టైరైనా పక్కకు పక్కకు రుద్దుకుపోతుంది.

టైరు ఏది వేయాలి అన్నది రెండో సంగతి. అమెరికాలో ట్రైలర్లకని ప్రత్యేకంగా టైర్లు చేస్తారు. సైజుకు ముందు 'ఎస్‌టీ' అని ఉంటుంది. మా అల్లుడిది ఎస్‌టీ 225/75 ఆర్ 15. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 75 అంటే వెడల్పులో 75 శాతం ఎత్తు, ఆర్ అంటే రేడియల్ (లోపలి పోగులు అడ్డంగా నేరుగా వేసిన రకం), 15 అంగుళాల డిస్క్. వీటికి పక్కగోడలు గట్టిగా ఉంటాయి. ఎందుకంటే రెండిరుసుల ట్రైలర్‌ను ఇరుకు మలుపులో తిప్పినప్పుడు చక్రాలు మలుపు వైపు మళ్లవు, పక్కకు ఈడ్చుకుపోతాయి. బంకుల్లో సిమెంటు గచ్చు మీద నల్లటి రబ్బరు చారలు చూస్తారే, అవి అవే. కారు టైరు పక్కలు మెత్తగా ఉంటాయి, లోపల కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియకూడదు కాబట్టి. ట్రైలర్‌లో ఎవరూ కూర్చోరు, దానికి మెత్తదనం అవసరం లేదు.

అదే సైజులో 'డి' రకం, 'ఇ' రకం అని వస్తాయి. డి రకం 65 పౌండ్లకు 1,150 కిలోలు, ఇ రకం 80 పౌండ్లకు 1,285 కిలోలు మోస్తాయి. మా అల్లుడు ఇ రకం వేయిస్తానన్నాడు. వేయించండి, కానీ డిస్క్ 80 పౌండ్లు తట్టుకుంటుందో లేదో ముందు చూడండి, వాల్వ్ కూడా రబ్బరుది తీసి స్టీలుది పెట్టించండి అన్నాను. మామూలు రబ్బరు వాల్వ్ 65 దాకే. టైరు పెద్దది తెచ్చి, చిన్న వాల్వ్ దగ్గర పిసినారితనం చేస్తే గాలి అక్కడినుంచే పోతుంది.

స్పీడు కూడా టైరు మీదే రాసి ఉంటుంది. బరువు అంకె పక్కన ఒక అక్షరం ఉంటుంది. జే అంటే వంద కిలోమీటర్లు, ఎల్ అంటే 120, ఎం అంటే 130. ట్రైలర్ టైర్లకు వెనకటి నుంచీ ఉన్న లెక్క గంటకు 65 మైళ్లు, అంటే 105 కిలోమీటర్లు లోపే. మన ట్రాలీ టైర్లలో చాలావాటి మీద ఏ8 అని ఉంటుంది, అది 40 కిలోమీటర్లు. నలభై అని రాసిన టైరును ఖాళీ ట్రాలీ కదా అని డీజే పెట్టుకుని అరవైలో తోలేవాళ్లను ములుగు రోడ్డు మీద నేనే చూశాను.

ఎస్‌టీ అనే రాత ఉన్న టైర్లు మన దగ్గర షాపుల్లో మామూలుగా దొరికేవి కావు. మన దగ్గర కారు వెనక లాగే చిన్న కారవాన్ కట్టించుకున్నవాళ్లు, చిన్న గూడ్స్ బండ్లకు వేసే 'ఎల్‌టీ' టైర్లు చూసుకోవడం మేలు. సైజు పక్కన లోడ్ అంకె చూడండి. 91 అంటే 615 కిలోలు, 100 అంటే 800, 108 అంటే వెయ్యి. అంకె చిన్నగా పెరుగుతుంది, కిలోలు గబగబా పెరుగుతాయి. తూచిన బరువు కంటే టైరు మోసేది కనీసం ఐదో వంతు ఎక్కువ ఉండేట్టు నేనైతే చూసుకుంటాను. అటూ ఇటూ గుంత వచ్చినా, పక్క టైరు మెత్తబడినా ఆ మిగులే కాపాడుతుంది.

రీబటన్, అంటే అరిగిన టైరుకు కొత్త బటన్ వేయడం, ఆ టైర్ల గురించి అడుగుతారని తెలుసు, నేనే చెప్తాను. డిపోలో మేము వేలకొద్దీ రీబటన్ చేసిన టైర్లు నడిపించాం. అవి చెడ్డవని నేననను. కానీ ముందు చక్రాలకు కొత్తవే, వెనక జంట చక్రాలకే రీబటన్. కేసింగ్, అంటే పాత టైరు ఒళ్లు, దాని లోపల చెయ్యి పెట్టి తడిమి, ఉబ్బు లేదని చూసుకున్నాకే బటన్ వేసేవాళ్లం. ట్రాలీకి వేసేవి అలా కాదు. లారీ ఓనర్ ఇక నాకొద్దని పడేసిన టైరు, ఎన్నేళ్లదో తెలియదు, దాని మీద కొత్త బటన్ అతికించి ఇస్తారు. ముసలాయనకు జుట్టుకు రంగేసినట్టు. అది పరుగెత్తుతుందా? తీసుకుంటే తేదీ చూసి, లోపల తడిమి తీసుకోండి. ఒకే ఇరుసు మీద ఒకటి నైలాన్ (పోగులు ఏటవాలుగా వేసిన పాత రకం), ఒకటి రేడియల్ మాత్రం వేయకండి, రెండిటి నడక వేరు.

ఇక గాలి. ఇది చిన్న విషయమనే అందరం పాడుచేస్తాం. టైరు మీద రాసిన అంకె చల్లటి టైరుకు. చల్లటి అంటే మూడు గంటలు కదలకుండా నిలబడ్డది, లేదా కిలోమీటరుంపావు, కిలోమీటరున్నర కంటే ఎక్కువ నడవనిది. యాభై కిలోమీటర్లు పోయి బంకులో గాలి చూపిస్తే 65 ఉన్నది 72 చూపిస్తుంది. షాపు పిల్లగాడు ఎక్కువైందన్నా అని ఏడు పౌండ్లు తీసేస్తాడు. రాత్రికి చల్లారాక అది 58కి దిగుతుంది. ఇప్పుడు మీ టైరు తెల్లారి తక్కువ గాలితో బయల్దేరుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకో బంకులో ఇంకో ఏడు తీస్తారు. వేడి టైరులో గాలి తీయకండి. గేజు ఎంత చూపించినా సరే, చల్లటప్పుడు సరిగ్గా పెట్టి ఉంటే ఆ పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకునే టైరు చేశారు.

వాతావరణం కూడా లెక్కే. 65 పౌండ్ల టైరులో పది డిగ్రీలు మారితే రెండున్నర పౌండ్లకు పైనే మారుతుంది. ఇప్పుడు జనవరి. మధ్యాహ్నం ముప్పై డిగ్రీలప్పుడు 65 పెట్టించి, తెల్లవారుజామున నాలుగింటికి మేడారం బయల్దేరతారు. ఆ చలిలో పదిహేను డిగ్రీలు ఉంటే టైరులో ఉన్నది 61. ఎవరూ దొంగిలించలేదు, చలికి ముడుచుకుంది అంతే. కాబట్టి జాతరకు పోయేవాళ్లు బయల్దేరే ముందు, దుప్పటి కప్పుకుని అయినా సరే, ఆ చలిలోనే గేజు పెట్టి చూడండి. సొంత గేజు కొనుక్కోండి. షాపు గోడకు వేలాడే గేజు ఎన్నిసార్లు కింద పడిందో దానికే తెలియదు. కాలితో తన్ని గాలి చూడటం మానేయండి. నేను ముప్పై మూడేళ్లు టైర్లు తన్నాను, 50 పౌండ్లున్న లారీ టైరు, 80 ఉన్న టైరు కాలికి ఒకేలా తగులుతాయి.

ఎంత పెట్టాలి అంటే, కారవాన్ ముందు మూల మీద కంపెనీవాళ్ల స్టిక్కర్ ఉంటే దాని ప్రకారం. టైరు మార్చి వేరే రకం వేసి ఉంటే, లేదా మీరే కట్టించిన ట్రైలర్ అయితే, ట్రైలర్ టైరు మీద రాసిన ఎక్కువలో ఎక్కువ అంకె దాకా చల్లగా ఉన్నప్పుడు పెట్టడం మంచిది. కారులాగా మెత్తగా పోవాలని తగ్గించకండి. మరీ ఎక్కువ కొట్టినా నడుమ బటన్ అరిగి, గుంతల్లో ఎగురుతుంది, కానీ తక్కువ గాలి చేసినంత పాపం అది చేయదు.

ట్రాలీకి నాలుగు చక్రాలుంటే ఇంకో సంగతి. ఒకటి మెత్తబడితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అది కిక్కురుమనకుండా మోస్తుంది. పేలినదాన్ని మార్చి, పక్కదాన్ని వదిలేస్తాం. నెల తిరగకుండా అది పోతుంది. డాలస్‌లో మేము పక్కదాన్ని కూడా పారేశాం. మా అల్లుడికి మనసొప్పలేదు, బటన్ చూపిస్తున్నాడు. అప్పుడు మాత్రం నేను మామగా కాదు, టైర్ సెక్షన్‌గా మాట్లాడాను. (నవ్వులు)

చక్రం విప్పి బిగించాక ఎనభై, వంద కిలోమీటర్లు పోయి నట్లకు ఇంకోసారి పానా పెట్టండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి, అది ఎప్పుడూ అందరికీ చివరి బిడ్డే.

ఇప్పుడు అడగండి.

(ఒకరు: నైట్రోజన్ కొట్టించాలా సార్?) మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది. షాపులో కొట్టే నైట్రోజన్‌లో తేమ ఉండదు, కొంచెం నిలకడగా ఉంటుంది. కొట్టిస్తే తప్పులేదు. కానీ 35 పౌండ్ల నైట్రోజన్ కంటే 65 పౌండ్ల మామూలు గాలి వెయ్యి రెట్లు నయం.

(ఒకరు: నా ఎస్‌యూవీ పాత టైర్లు కారవాన్‌కు వేశాను, పర్లేదా అన్నా?) వేశావు సరే, లోడ్ అంకె ఎంత? 95 అంటావా. 690 కిలోలు. కారు టైరును ట్రైలర్‌కు వాడితే దాన్ని 1.1తో భాగించి లెక్కపెట్టాలి, అంటే 627. నీది ఒకటే ఇరుసు కదా, రెండు టైర్లకు కలిపి 1,254. నీ బండి ఎంత తూగింది? తూయలేదా. అయితే నేనేం చెప్పను? ఏనుమాముల దారిలో బోలెడు కాంటాలున్నాయి, ఇంటికి పోయేటప్పుడు ఆగి పో.

(ఒక రైతు: ట్రాక్టర్ పెద్ద టైర్లకు నీళ్లు పోస్తాం కదా, ట్రాలీకి పోస్తే ఊగకుండా ఉండదా?) బాపూ, మంచి ప్రశ్న. ట్రాక్టర్ వెనక టైరులో ముప్పావు వంతు నీళ్లు పోస్తాం, ఎందుకు? అది లాగాలి, దానికి నేల మీద బరువు కావాలి, జారకూడదు. ట్రాలీ లాగదు, లాగబడుతుంది. దానికి నీళ్లు పోస్తే ఊరికే మోసే బరువు. ఇంకొకటి, ట్రాక్టర్ పెద్ద టైరుకు పన్నెండు, పదహారు పౌండ్లు చాలు. అదే పైపుతో, అదే చేత్తో ట్రాలీకి కూడా అంతే కొట్టి పంపిస్తారు కొన్ని షాపుల్లో. నిలబడి చూసుకోండి.

(ఒక అమ్మ: జాతరకు మేమంతా ట్రాలీలోనే పోతాం అన్నా, ఎంతమంది ఎక్కొచ్చు?) ఒక్కరు కూడా ఎక్కొద్దమ్మా. ట్రాలీ సామానుకు, మనుషులను ఎక్కించడం చట్టమే ఒప్పదు. పొయ్యి, గిన్నెలు, గుడారం, మేక, బంగారం ట్రాలీలో పంపండి. మీరు జాతర బస్సెక్కండి. నేను డిపోలో పనిచేసినందుకు చెప్తున్నానని అనుకోవద్దు. (నవ్వులు) కొంచెం అందుకూ చెప్తున్నాను.

సరే, పదీ పావు అయింది. ట్రాలీ వచ్చి మూడు గంటలు దాటింది, టైర్లు చల్లారి ఉంటాయి. పొద్దున రెండు పక్కలా 60 పౌండ్లు పెట్టించి తెచ్చాను. ఇప్పుడు ఒక పక్క ఎండ నేరుగా పడుతోంది, ఇంకో పక్క గోడ నీడలో ఉంది. ఇందాకటి తమ్ముడేడీ? రా, గేజు నువ్వే పట్టుకో. నీడ పక్క ముందు చూడు, తర్వాత ఎండ పక్క. నేను మూడు పౌండ్ల తేడా వస్తుందంటున్నాను. తేడా ఏమీ రాదనేవాళ్లు ఉంటే చెప్పండి, చాయ్ పందెం. చెప్పులేసుకుని పదండి.